పసుపు కాంటా మీద అక్క

కోరుట్ల, బంద్ మూడో రోజు

మార్కెట్ యార్డు ఈరోజు తెరుస్తారని అక్కకు చెప్పింది నేనే. తప్పు చెప్పాను.

రెండేళ్ల కింద, ఆపరేషన్‌కు ముందు, ఆసుపత్రిలో బరువు చూసే మిషన్ అక్కకు సరిపోలేదు. పసుపు బస్తాలు తూచే కాంటా ఎక్కించాం. హమాలీ అలవాటు కొద్దీ అందరికీ వినబడేలా అరిచాడు: "నూట అరవై రెండు!" యార్డంతా నవ్వింది. ఆ తర్వాత అక్క ఆసుపత్రికి తప్ప, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కూడా గడప దాటలేదు.

కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయింది. నెలల తరబడి గిన్నెడు జావతో గడిపింది. వంద కిలోల లోపుకు దిగాక అదే కాంటా ఎక్కుతానని, అదే మనిషి అరవాలని ఆమె పట్టు.

ఈరోజు షెడ్లు ఖాళీ. హమాలీలంతా రాస్తారోకోకు పోయారు. వాచ్‌మన్ తూచాడు.

"నువ్వన్న అను తమ్మీ, గట్టిగ" అంది అక్క.

"తొంభై నాలుగు" అని అరిచాను.

అక్క చెప్పులేసుకుంది. "గప్పుడు అందరు ఇన్నరు. గిప్పుడు నువ్వొక్కనివే."

తిరిగొస్తుంటే రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ఆ హమాలీ ఉన్నాడు. "జరుగుండ్రి, ఆడామెను పోనియ్యుండ్రి" అని అదే గొంతుతో అరిచాడు. ఆమె ఎవరో అతను గుర్తుపట్టలేదు.