సార్ చేతిలో చీపురు

మంగళగిరి, మంగళవారం

అమ్మా, ప్రభువు దయవల్ల కులాసాగా ఉన్నాను. ఫోన్లో చెబితే ఏడుపు అందుకుంటావని కార్డు రాస్తున్నాను. ఈ ఉద్యోగం మాత్రం మానను.

నువ్వు భయపడుతున్నట్టు మా ప్లాంటులో చేసేది బాంబు కాదు. పగటి ఎండతో కరెంటు తీసి, ఆ కరెంటుతో నీళ్ళలోంచి హైడ్రోజన్ విడదీసి ట్యాంకుల్లో దాస్తాం. చీకటి పడ్డాక అదే మళ్ళీ కరెంటవుతుంది. మధ్యాహ్నం నెత్తి మాడ్చిన ఎండే సాయంత్రం దీపమై వెలుగుతుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది.

నిన్న మా ఇంజినీరు ఆరిఫ్ గారు చీపురు ముందుకు చాపి ట్యాంకుల వైపు వెళుతున్నారు. అంత పెద్దాయన ఊడవడమేమిటని పరుగెత్తి, "ఇలా ఇవ్వండి సార్, నేను ఊడుస్తాను" అని చేతిలోంచి లాక్కున్నాను. ఆయన నవ్వలేదు.

"ఊడవడానిక్కాదమ్మా. ఈ గ్యాసు అంటుకుంటే పగలు మంట కంటికి కనపడదు. లీకు పసిగట్టే మీటర్లు ఉన్నా సరే, ముందు చీపురు వెళ్ళాలి. కాలితే అది కాలాలి, మనం కాదు" అన్నారు.

ముప్ఫయ్యేళ్ళుగా గ్యాసు పనిలో ఉన్న మనిషి, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నాకు పని నేర్పేది ఆయనే.

నాన్న మోకాలికి నూనె రాస్తున్నావా? గోధుమరంగు కోడి పొదిగిందా?

ఇక్కడి చీపురు పుల్లలు రాలిపోతున్నాయి. ఆదివారం తమ్ముడు ఫిన్నీ వచ్చేటప్పుడు నువ్వు కట్టిన కొబ్బరి ఈనెల చీపురొకటి ఇచ్చి పంపు. సోమవారం నుంచి ట్యాంకుల దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాలి. నా ముందు నీ చేతి చీపురు ఉంటే నాకు భయం లేదు.

నాన్నకు వందనాలు.

నీ హెప్సిబా