అత్త చూసిన తోకచుక్క

ఖమ్మం, మార్చి 8
జంపక్కా, బాగున్నవా? నీకూ మీ అత్తకూ నమస్కారాలు.
మీ ఊర్ల ఫోన్ కలుస్తలేదు, అందుకే ఉత్తరం. తెల్లారేముందు తూర్పున తోకచుక్క వస్తంది. సూర్యునికెంత దూరం, మనకెంత దూరం అని సాఫ్ట్‌వేర్‌ల ఏస్తే వెలుగు లెక్కగట్టింది: ఇయ్యాల మూడు, పద్దెనిమిదికల్లా సున్నా. ఇక్కడి లైట్లల్ల నాకేం కనపడదు. నువ్వు చూసి రాయి. ఇరవై రెండున మా కాలేజీ పిల్లల్ని బస్సుల మీ అడవికే తెస్తున్న.
నీ హాస్టల్ దోస్తు, ఫ్లోరెన్స్
తా.క. లెక్క తప్పితే నా పరువు గోదాట్లనే.

దుమ్ముగూడెం దగ్గర, మార్చి 11
ఫ్లోరెన్స్‌కు ప్రేమతో,
పొద్దుగాల నాకు పొయ్యికాడనే సరిపోతది. ఇప్పపువ్వు ఏరబోయే మా అత్తకు చెప్పిన. మూడు లేవంట, ఒక్కటే ఉందంట. మిగతా రెండిటికోసం పొద్దెక్కేదాక చూసి ఉత్త గంపతో వచ్చింది.
నీ జంపక్క
తా.క. పద్దెనిమిదికి సున్నా అంటే, ఆ ఒక్కటీ పోతదా అని బెంగపెట్టుకుంది.

ఖమ్మం, మార్చి 14
పిచ్చి జంపక్కా,
అది లెక్క కాదే, వెలుగు! అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ. సున్నా అంటే పెద్ద చుక్కలంత. అత్తను మళ్లా అడుగు.
ఫ్లోరెన్స్
తా.క. సున్నా కిందికి కూడా అంకెలున్నయి. అవి అత్తకు చెప్పకు.

మార్చి 18
ఫ్లోరెన్స్,
సున్నా రోజు వచ్చింది. అత్త మాత్రం చుట్టపొగ లెక్కనే ఉందంటంది. "నలభై ఏండ్లసంది ఆకాశం కింద తిరుగుతున్న, ఆ కంప్యూటర్ డబ్బాకేం తెలుసు?" అంటంది.
జంపక్క
తా.క. ఆమెకు ఎదురుచెప్పే ధైర్యం నాకు లేదు. నీకుంటే రాయి.

ఖమ్మం, మార్చి 20
జంపక్కా,
మూడు మాట్ల లెక్క చేసిన. చూసినోళ్ల మాటే సాక్ష్యం కదా! సూర్యుని దగ్గరికొచ్చేకొద్దీ ఎంత జల్దీ వెలుగుతదో చెప్పే అంకెను తగ్గించి, వెలుగును అత్త చెప్పినట్టే దించిన. బస్సు వద్దన్న. ప్రిన్సిపాల్ నవ్విండు.
ఫ్లోరెన్స్
తా.క. నాకు కండ్లనీళ్లొచ్చినయి. అత్తకు చెప్పకు.

మార్చి 26
ఫ్లోరెన్స్, జల్దీ చదువు.
ఆ అంకెను మళ్లా పైకెత్తు! నీ ఉత్తరం చూసి మనసాగక, అత్తెంట నేనే పోయిన. ఇప్పచెట్ల మీద తోక తెల్లగ పరుచుకుంది. "చుట్టూ చుక్కలెట్లున్నయో చూడత్తా" అన్న. "చుక్కలా? అవి కూడ ఉన్నయా?" అన్నది!
ఆమె పువ్వు ఏరేది చేతులతోటి తడిమేనంట. భద్రాచలం దవాఖానాకు తీస్కపోయిన. రెండు కండ్లల్ల పొర. ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఇయ్యాల తెల్లారకముందు వాకిట్ల నిలబడి, చాలాసేపు చూసి, "ఎవలు ముట్టిచ్చిన్రే దీన్ని?" అన్నది మెల్లగ.
బస్సు మళ్లా మాట్లాడు.
నీ జంపక్క
తా.క. నీ డబ్బాకు మొక్కుతనంటంది. నాకే కష్టమొచ్చింది. ఇప్పుడు నా వంటింటి మసి కూడ కనపడ్తందంట.