తక్కువైన ఒక్కరోజు

గోపన్‌పల్లి, 4-10-76

ప్రిన్సిపాల్ సీతారామయ్య గారికి,

ప్రిపరేటరీ తరగతి అమ్మణ్ణి నాయనమ్మ పుణ్యవతి నమస్కారాలు. జూన్-సెప్టెంబరు ప్రోగ్రెస్ కార్డులో మా పిల్ల 81 రోజులు బడికి వచ్చిందని రాశారు. నా నోటుబుక్కులో 82 ఉన్నాయి. ఒక రోజు ఏమైంది? నా చాదస్తం మా ఇంట్లో అందరూ భరిస్తున్నారు. ఇక మీ వంతు.

ఇట్లు,
పుణ్యవతి

తా.క. జులైలో మీరు పంపిన సర్క్యులర్‌లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, గేటు కాపలా మొగిలి చేతికిచ్చాను. అందిందా? పదికి ఆరు వేశాను.


6-10-76

గౌరవనీయులైన పుణ్యవతి గారికి,

బడి నడిచిందే 81 రోజులండీ. అమ్మణ్ణి అన్ని రోజులూ వచ్చింది. ప్రిపరేటరీ నుంచి పదో తరగతి దాకా అలా వచ్చింది తనొక్కతే. ఇంకేం కావాలండీ?

విధేయుడు,
సీతారామయ్య

తా.క. సర్క్యులర్ అందింది. కాలేజీ వదిలాక నాకు మార్కులు రావడం ఇదే మొదలు.


8-10-76

ప్రిన్సిపాల్ గారికి,

కావలసింది ఆ ఒక్కరోజు. తేదీ జులై 19, సోమవారం. 8.43కి పిల్లను మొగిలికి అప్పగించాను. గేటు తీయడానికి రెండు నిమిషాలు తాత్సారం చేశాడు. ఇంకెవరూ రాలేదేమని అడిగితే "నువ్వే ఫస్టు అమ్మా" అన్నాడు. మురిసిపోయాను. పన్నెండున్నరకు తీసుకొచ్చాను. ఆ రోజు డప్పు నేర్పారట, పిల్ల వారం రోజులు మా ఇత్తడి పళ్ళెం వాయించింది. పాఠం చెప్పి హాజరు మరిచిన రత్నమాల టీచరును సంజాయిషీ అడగాలని కమిటీ అధ్యక్షులు పట్టాభిరామయ్య గారికి ఈ ఉదయమే రాశాను.

ఇట్లు,
పుణ్యవతి

తా.క. ఆ పళ్ళానికి రెండు సొట్టలు.


12-10-76

పుణ్యవతి గారికి,

మా బడిలో డప్పు లేదండీ. ఉన్నది ఒక హార్మోనియం, అదీ సగమే పలుకుతుంది. ఈ నెల రత్నమాల ఉద్యోగం ఖాయం కావలసింది. మీ ఉత్తరం చూసి కమిటీ ఆపేసింది. ఆ అమ్మాయి రెండు రోజులుగా ఏడుస్తోంది. మీకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. మొగిలిని పంపుతున్నాను, మీరు దిద్దిన సర్క్యులర్‌తో సహా. దయచేసి ఈసారి దిద్దకుండా చదవండి.

విధేయుడు,
సీతారామయ్య

తా.క. మొగిలిని కూర్చోబెట్టి అడగండి. నిలబడితే వణుకుతున్నాడు.


13-10-76

సీతారామయ్య గారికి,

చదివాను. "జులై 19న ఊరి బోనాల పండుగ సందర్భంగా బడికి సెలవు." ఆ వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలో చూశాను గాని, సెలవన్న సంగతి చూడలేదు. సెలవు కాగితం దిద్ది, సెలవునాడే, కాపలా మనిషికి అప్పగించిన ఘనురాలిని. కాకినాడ నుంచి వచ్చి ఏడు నెలలే అయింది, బోనాల సంగతి తెలియదని చెప్పుకోవచ్చు. చదవడం మాత్రం తెలుసు కదా!

మొగిలి కూర్చున్నాక నోరు విప్పాడు. "సెలవని చెప్పబోయిన అమ్మా. ‘మాట్లాడక గేటు తియ్యి’ అన్నవ్. ఇగ ఏం జెయ్యాలె? తీసిన. పాపను మా ఇంటికి తోల్కపోయిన. మా ఇంటామె భాగ్యమ్మ బోనం ఎత్తింది, పాప డప్పు కొట్టింది. మంచిగ కొట్టింది."

"మరి మధ్యాహ్నమైనా చెప్పలేదేం?"

"అప్పుడు గా ఎర్ర కాయితం చేతుల పెట్టి ‘ఇది మీ సార్‌కి ఇయ్యి, నేర్చుకుంటడు’ అన్నవ్. మా సార్‌నే గట్లంటే నేనెంత?"

తప్పు పూర్తిగా నాదని, రత్నమాల ఉద్యోగం వెంటనే ఖాయం చేయమని పట్టాభిరామయ్య గారికి రాసి, మొగిలి చేతికే ఇచ్చాను. నోటుబుక్కులో 82 కొట్టేసి 81 వేశాను, ఎర్రసిరాతోనే. నాకు పదికి సున్నా.

క్షమార్పణలతో,
పుణ్యవతి

తా.క. డప్పు క్లాసు మళ్ళీ ఎప్పుడని అమ్మణ్ణి అడుగుతోంది. వచ్చే ఏడు బోనాలనాడు 8.43కి గేటు దగ్గర ఉంటాం. ఈసారి తాత్సారం చేయవద్దని మొగిలికి చెప్పండి.