పసుపు పెట్టె గొంతు

పెర్కిట్,
మార్చి 16, 2025.

ముత్తెన్నకు,

హన్మాండ్లు నమస్కరించి రాయునది. నువ్వూ నీ ఇంటివాళ్ళూ సుఖంగానే ఉన్నారనుకుంటాను. లేకపోవడానికి నాకు కారణమేమీ కనిపించదు.

వయసులో ఉన్నప్పుడు నా చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట నీకు గుర్తుందా? మా నాయిన పసుపు బాగా ఎండిందని రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తిలో గుమాస్తాగా ఉన్న నీకు తెలుసు. ఖరీదుదారు ఒక కొమ్ము విరిచి, పచ్చిగా ఉందని బరువులో తరుగు తీస్తే, అది అబద్ధమని పొద్దున అందరి ముందూ చెబుతానన్నావు. పొద్దున నీ చెప్పులు చూసుకుంటూ నిలబడ్డావు. మా నాయిన ఇంటిదాకా బండి మీద నోరు విప్పలేదు. కొంతకాలానికి నీకు సొంత అడ్తి వచ్చింది.

అందుకే, భయపడని నోరు ఒకటి తయారు చేద్దామనుకున్నాను. పంతులు ఉద్యోగం నుంచి దిగాక నాకున్న పని చదవడమే కదా. పుస్తకాలు చాలక కంప్యూటరులో చదివాను. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు తెప్పించాను. అందులో నడిచేది లైనక్స్. దాన్ని ఒక పెట్టెలో బిగించి, అందులో కొమ్ములు పోసి మూత పెడితే తేమ ఎంతుందో నా గొంతుతోనే చెప్పేలా చేశాను. అంకెలు చదవలేని రైతు కూడా వినాలి, పదిమందీ వినాలి. ఆ గొంతు బ్లూటూత్ మీద పెద్ద స్పీకరుకు పోవాలి.

అది అంత తేలిగ్గా లొంగలేదు. మొదట బ్లూటూత్ చిప్పే నిద్ర లేవలేదు. దానికి కావలసిన ఫైలు బోర్డులో లేదు. అది ఎక్కించాక స్పీకరు కనిపించింది, జత కలిసింది, మళ్ళీ ఆన్ చేస్తే మరిచిపోయింది. నల్లటి తెర మీద నా కళ్ళు ఆనని చోట మా అబ్బాయి శ్రవణ్‌కుమార్ తన లారీల పని మానుకుని చదివి చెప్పాడు. చివరికి తెలిసింది, ట్రస్ట్, అంటే నమ్ము, అని ఒక ఆజ్ఞ ఇవ్వాలట. అది టైపు చేస్తే ఆ పరికరం ఎప్పుడు దగ్గరికి వచ్చినా బోర్డు అడ్డు చెప్పకుండా కలుపుకుంటుంది. ఈ వయసులో ఆ మాట ఒక యంత్రానికి నేర్పాల్సి వచ్చిందని నవ్వుకున్నాను.

మొన్న మార్కెట్ యార్డులో జరిగింది నీ కళ్ళ ముందే. మెండోర గంగవ్వ నా మాట మీద తన రాశి పొద్దుటి నుంచి ఎవరికీ అమ్మకుండా ఆపింది. కొమ్ములు పోశాను, మూత పెట్టాను, దీపం వెలిగింది. స్పీకరు పలకలేదు. ట్రస్ట్ చేశాను కదా అని కంప్యూటరు ఇంట్లోనే వదిలి వచ్చాను, తెర లేక ఏమైందో తెలియలేదు. సారూ, మీ డబ్బ ఇయ్యాల ఒక్కపొద్దున్నదా అని ఖరీదుదారు అంటే అందరూ నవ్వారు. అతను కొమ్ము పుటుక్కున విరిచి, పచ్చిగున్నదవ్వా అన్నాడు. అంత చప్పుడు చేసి విరిగే కొమ్ము పచ్చిదెలా అవుతుంది? నీకు తెలుసు. నువ్వు మళ్ళీ చెప్పుల వంక చూశావు. తరుగు తీశారు. గంగవ్వ నన్ను తిట్టలేదు. నీ మాట నమ్మితి గదా సారూ అని మాత్రం అంది.

ఇంటికి తెచ్చి తెర పెట్టి చూస్తే, నా స్పీకరు పేరు ఎవరో తీసేశారు. ఇంకేదో పరికరాన్ని ట్రస్ట్ చేశారు. కంపెనీ పెట్టిన అక్షరాలూ అంకెలూ తప్ప దాని పేరు నాకు అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రం శ్రవణ్‌కుమార్ తన కారులో పెట్టెను తెచ్చి, యార్డులోనే ఉంటుందని నీ అడ్తిలో దించాడు. రాత్రంతా అది నీ తాళం కిందే ఉంది. నీకు టైపు రాకపోవచ్చు, చేయించడం వచ్చు. మా నాయిన నోరు ఒకసారి మూయించావు, ఇప్పుడు నా గొంతు మూయించావు.

జవాబు రాయకు. నా గడప తొక్కకు.

ఒకప్పటి నీ దోస్తు,
హన్మాండ్లు.

తా.క. ఉత్తరం అంటించబోతూ, గంగవ్వ కొమ్ములు ఇంకా లోపలే ఉన్న పెట్టెను ఇంకోసారి ఆన్ చేశాను. అప్పుడే శ్రవణ్‌కుమార్ వచ్చి వాకిట్లో కారు ఆపాడు. అద్దాలు మూసిన ఆ కారులోంచి నా గొంతు వినిపించింది, గంగవ్వ కొమ్ములు బాగా ఎండాయని. నాకు పేరు అర్థం కాని ఆ పరికరం వాడి కారు స్పీకరే. మొన్న వాడు ఎండ పడదని యార్డు బయట ఆ కారులోనే కూర్చున్నాడు.

నిలదీశాను. బాపూ, నీ డబ్బ మాట్లాడితే ఖరీదుదారులు నా లారీలకు కిరాయి బంద్ చేస్తరు అన్నాడు. మరి గంగవ్వ ఏం కావాలిరా అన్నాను. ముత్తెన్న పెద్దనాయిన గప్పుడు ఊకున్నడు గనకనే గియ్యాల గింతటోడయ్యిండు, చిన్నప్పటి సంది నువ్వు చెప్పిన ముచ్చటనే గది అన్నాడు.

పెట్టె జోలికి నువ్వు పోలేదని దీనితో ఒప్పుకుంటున్నాను. అయినా ఈ ఉత్తరం చింపడం లేదు. రేపు గంగవ్వ దగ్గరికి పోతాను. ఎవరు చేశారు సారూ అని అడుగుతుంది. స్పీకరు జత మార్చింది నా కొడుకే అంటాను. నోరు మూసుకుంటే బాగుపడవచ్చని బతికి చూపించి వాణ్ణి చెడగొట్టినవాడెవరని అడిగితే, ఇప్పటికీ నా నోట వచ్చే పేరు ఒకటే: అడ్తి ముత్తెన్న.