దిష్టిబొమ్మకు నాన్న కోటు

నెదర్ విక్‌లీ, గురువారం

థెల్మాకు అమ్మ దీవెనలు. నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

నాన్న పోయాక బీరువా ఖాళీ చేయమని నువ్వు ఒకటే పోరు పెట్టావుగా. ఆయన గోధుమరంగు కోటు చర్చి వాళ్ల పాతబట్టల అమ్మకానికి ఇచ్చేశాను. పక్కింటి ఓడ్రీ దాన్ని కొని, ఊరి దిష్టిబొమ్మల పోటీకి గడ్డిబొమ్మకు తొడిగి, బస్సుస్టాపు బల్ల మీద కూర్చోబెట్టింది. మొదటి బహుమతి దానికే. టపా సంచీ మోసి మోసి ఆ కోటు ఎడమ భుజం సాగిపోయింది కదా, బొమ్మ కూడా అచ్చం ఆయనలాగే ఒరిగి కూర్చుంది.

నా మొహం చూసి ఓడ్రీ నాలిక కరుచుకుంది.

"నాకు తట్టనేలేదు వదినా. ఇప్పుడే విప్పేస్తాను."

"ఊరుకో. బతికుండగా ఆయనకు బహుమతి ఎవరిచ్చారు? ఆదివారం దాకా కూర్చోనీ."

అన్నాను గానీ, ఆ కోటు ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆయన మఫ్లరు నీ దగ్గరే ఉందా? పారేయకు. పిల్లకు దగ్గు తగ్గిందా? అల్లుణ్ణి అడిగానని చెప్పు.

నిన్న జోరున వాన. మనసు ఊరుకోక వెళ్లి, బొమ్మ పక్కన కూర్చుని గొడుగు పట్టాను. బస్సు ఆగింది.

"ఇద్దరా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"కాదు నాయనా, ఒక్కదాన్నే" అన్నాను.

మీ అమ్మ