సీటు కింద స్వెటరు

సంచి దొరికినవారికి,

నమస్కారం. పొద్దుటి మొదటి బస్సులో చివరి సీటులో కూర్చునే ముసలివాణ్ణి నేను. చెప్పుల దుకాణంలో పెట్టెలు సర్దుతాను. దారి పొడుగునా చేతులు ఊరికే ఉండటమెందుకని ఊలు అల్లుతాను. నిన్న సంచి సీటు కింద మరిచి దిగాను. సాయంత్రం అదే బస్సెక్కితే సంచి అక్కడే ఉంది. ఊలు ఉండ చిన్నదైంది, అల్లిక జానెడు పెద్దదైంది.

అది మా కొత్త మనవరాలి స్వెటరు. ఆదివారం మా వియ్యపురాలు బిడ్డను తీసుకొస్తుంది. "అన్నయ్యగారి స్వెటరు పూర్తయ్యేసరికి పిల్ల కాలేజీకి పోతుంది" అని నలుగురిలో అంది. నాకు తిరిగి అనడం రాదు.

అల్లింది మీరైతే చల్లగా ఉండండమ్మా. మగవాళ్ళ చేతికి వరస ఇంత సమంగా రాదు.

ఇట్లు,
చివరి సీటు తాత

తా.క. ఇవాళ సంచి మరిచిపోలేదు. కావాలనే వదిలాను.

*

తాతగారికి నమస్కారాలు.

ఆ జానెడు నాదే. సంచి ఎవరిదో చూద్దామని తెరిచాను, చెయ్యి ఊరుకోలేదు. బస్సు చివరి స్టాపులో ఆగాక నాకు కాసేపు ఖాళీ. మా అమ్మమ్మ నేర్పిన విద్య. సూది పట్టుకుంటే నవ్వేవాళ్ళే గాని మెచ్చినవాళ్ళు లేరు. మీరే మొదలు.

మీ వియ్యపురాలి సంగతి ఇద్దరం కలిసి చూద్దాం. ముందుభాగం, వెనకభాగం అయ్యాయి. చేతులు నేను అల్లుతాను. మెడకు క్రోషియా కొక్కెంతో అంచు కూడా వేస్తాను. రోజూ సంచి అక్కడే పెట్టండి. ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
తోడు సూది

తా.క. మీరు వరసకో కుట్టు మింగుతున్నారు. బిడ్డకు ఒక భుజం చిన్నదా?

*

తోడు సూది అమ్మగారికి,

నమస్కారం. కుట్లు మింగేది నేను కాదు, డ్రైవరు. ఆయన బ్రేకు తొక్కితే నా సూది మీంచి మూడేసి కుట్లు దూకుతాయి. మనిషిని చూస్తేనే భయం. "లోపలికి జరగండయ్యా, గుమ్మంలో పాతుకుపోయారేం!" అని ఉరుముతాడు. ఆ నోట్లో ఊలు కుక్కాలనిపిస్తుంది. ధైర్యం లేదు.

ఇంకొకటి. మీకు భారమని సంచిలోంచి కొంత ఊలు తీసుకెళ్ళి ఒక చెయ్యి నేనే దుకాణంలో అల్లాను. సాయంత్రం చూస్తే మీరు రెండూ అల్లేశారు. మొత్తం మూడు.

ఇట్లు,
చివరి సీటు తాత

తా.క. అమ్మాయికి ఫోను చేసి కనుక్కున్నాను. బిడ్డకు రెండే చేతులట.

*

తాతగారికి నమస్కారాలు.

మూడో చేతిని విప్పలేదు. కొస మూసి కుట్టి, మేజోడు చేశాను. ఇక రెండో కాలికి మేజోడు మీరు మొదలుపెట్టాలి.

డ్రైవరును అంత మాట అనకండి. కుక్కపిల్ల అడ్డమొస్తే బ్రేకు తొక్కడా? రోజంతా అరవకపోతే జనం లోపలికి జరుగుతారా? ఆయన మనసు వెన్న. ఆకలేసినప్పుడు మాత్రం కొంచెం గడ్డకడుతుంది.

ఇట్లు,
తోడు సూది

తా.క. ఇవాళ వంతెన దగ్గర బస్సు మెల్లగా పోతుంది. మెడ కుట్లు అక్కడ ఎత్తుకోండి.

*

అమ్మగారికి,

నమస్కారం. కొంప మునిగింది. మీ ఉత్తరం మా ఆవిడ కంటపడింది. "రోజూ సంచి అక్కడే పెట్టండి, ఎవరికీ చెప్పకండి" అని గట్టిగా చదివింది. "ఈ వయసులో ఏమిటీ చోద్యం? ఎవరావిడ?" అంది. తెలియదన్నాను. నిజమే చెప్పాను. అదే తప్పయింది. అన్నం పెట్టింది గాని కూర అడిగితే "ఆవిడనే అడుగు" అంది.

రేపు నాతో బస్సెక్కి, చివరి స్టాపుదాకా వచ్చి, మిమ్మల్ని చూసేదాకా కదలదట. స్వెటరు సంచి ఆమె దగ్గరే ఉంది. ఎల్లుండే ఆదివారం. ఈ చీటీ ఒక్కటీ సీటు కింద పెడుతున్నాను. దయచేసి ఒక్కసారి కనబడండి.

బస్సు ఎక్కడ మెల్లగా పోతుందో కూడా మీకు తెలుసు. మీరు డ్రైవరుగారి భార్యా? అయితే ఊలు కుక్కే మాట మరిచిపోండి.

ఇట్లు,
కూర లేని తాత

తా.క. ఆయనకు చెప్పేశారా? ఇవాళ నేను ఎక్కుతుంటే ఆయన నవ్వాడు. వెనక్కి చూడకుండా చివరి సీటుదాకా పోయాను.

*

తాతగారికి నమస్కారాలు.

నేను డ్రైవరు భార్యను కాను. డ్రైవరును.

మీరు "అమ్మా" అన్నారు. పొద్దుట్నుంచి రాత్రిదాకా నన్ను "ఓయ్", "ఆపవయ్యా" అనేవాళ్ళే. అంత మెత్తగా పిలిస్తే కాదనడానికి నోరు రాలేదు. పైగా డిపోలో తెలిస్తే నవ్వుతారని దాచాను. దాచి మీ కూర పోగొట్టాను. తప్పు నాది.

రేపు చివరి స్టాపులో అందరి ముందూ సూదులు పట్టి అల్లుతాను. మీ ఆవిడ చూడనీ, కండక్టరు చూడనీ. స్వెటరుకు మెడ అంచు ఒక్కటే మిగిలింది, అక్కడే ముగిద్దాం. మీరు మాత్రం పక్కనే కూర్చోండి. జనం మీద అరవగలను గాని జనం ముందు అల్లాలంటే నాకూ సిగ్గే.

ఇట్లు,
మీ డ్రైవరు

తా.క. నా చొక్కాకు రోజూ అంటుకొస్తున్న గులాబీ రంగు ఊలు ఏ మహాతల్లిదో తేల్చుకోవడానికి మా ఆవిడ కూడా రేపు ఇదే బస్సెక్కుతోంది. ఇద్దరికీ పక్కపక్క సీట్లు ఆపాను. సూదీ దారం, బొత్తాలు కూడా అక్కడే పెడతాను. బొత్తాలు కుట్టడం మనిద్దరికీ రాదు కదా.