గుర్రపుడెక్క బొగ్గు

బాపట్ల,
ఆదివారం.

అమ్మకు కరుణశ్రీ వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ కులాసాగా ఉన్నాను. రేపల్లెలో నువ్వూ నాన్నా బాగున్నారని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా?

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. కాలవలోంచి తీసి గట్టున పారేసిన గుర్రపుడెక్కను తెనాలి నుంచి బస్తాకెత్తి రైల్లో ఎందుకు మోసుకెళ్ళానన్నది మొదటిది. దాన్ని ఎండబెట్టి, గాలి తగలకుండా మూసిన పాత్రలో మాడిస్తే బూడిద కాదమ్మా, బొగ్గవుతుంది. ఆ బొగ్గుకు ఆమ్లం పట్టిస్తాం. మందుల తయారీలో రెండు పదార్థాలు కలిసి కొత్తది పుట్టాలంటే చాలాసార్లు ఆమ్లం పోయాల్సి వస్తుంది. పనయ్యాక ఆ నీళ్ళు ఎక్కడ పారబోయాలన్నది పెద్ద తలనొప్పి. బొగ్గయితే వడగట్టి, కడిగి, మళ్ళీ వాడుకోవచ్చు.

మొదటిసారే మా బొగ్గు గంటలో పని ముగించింది. మా గైడు సంజీవరావు సార్ పొంగిపోయారు. "ఇంకేంటమ్మా, థీసిస్ రాసెయ్" అన్నారు. నాకే ఒక సందేహం పట్టుకుంది. పని చేస్తున్నది నిజంగా బొగ్గేనా? ఈసారి సగంలో బొగ్గు వడగట్టి తీసేసి, ఉత్త ద్రవాన్నే వేడిచేశాను. లోపల మార్పు ఆగలేదు, కొత్త పదార్థం పుడుతూనే ఉంది! బొగ్గుకు పట్టిన ఆమ్లం ఊడి ద్రవంలోకి దిగిపోతోందన్నమాట.

సార్‌కి చూపించాను.

"ఈ పరీక్ష మనల్ని ఎవరూ అడగలేదు కదమ్మా."

"అడగలేదండి. కానీ మనకి తెలిసిపోయింది కదండి."

ఆయన "సరే, మళ్ళీ మొదలెడదాం" అన్నారు.

డాక్టరేటు ఎప్పుడొస్తుందని నువ్వడిగిన రెండో సంగతికి జవాబు అదే. ఈ ఏడాది నాకు డాక్టరేటు రాదమ్మా. నువ్వు చర్చిలో అందరికీ చెప్పేశావని తెలిసి, ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇన్నాళ్ళూ దాచాను. నన్ను తిట్టు, పర్వాలేదు. నాన్నకు మాత్రం నువ్వే నెమ్మదిగా చెప్పు.

అప్పటినుంచి బొగ్గును వేడినీళ్ళతో కడుగుతూనే ఉన్నాను. కడిగిన నీళ్ళలో లిట్మస్ కాగితం ఎర్రబడటం మానేసింది, అంటే ఊడే ఆమ్లం ఇక మిగల్లేదు. ఇప్పుడు గంట పని పూటంతా పడుతోంది. నిన్న మళ్ళీ సగంలో వడగట్టి చూశాను. ద్రవంలో ఏ మార్పూ లేదు. సార్ పక్కనే ఉన్నారన్న సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టేశాను.

"ఏమీ జరగనందుకు ఇంత సంబరమేంటమ్మా?" అని ఆయనా నవ్వేశారు.

బొగ్గు తిరిగి అందులో వేశాను. ఇద్దరం టీ కూడా తాగకుండా కూర్చున్నాం. పొద్దు వాలేలోగా మార్పు మళ్ళీ మొదలైంది.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి
కరుణ